నీళ్లున్నాయి, కళ్లు చాలలేదు

మా అపార్ట్‌మెంట్ల సంఘంలో నాకు దక్కిన పదవి క్రీడా కార్యదర్శి. ఆరు బ్లాకులు, నాలుగు వందలకు పైగా ఫ్లాట్లు, మధ్యలో ఒక స్విమ్మింగ్ పూల్. ఈ పదవికి జీతం లేదు, గది లేదు, కూర్చోడానికి కుర్చీ కూడా లేదు. అయినా ఎన్నికైన రోజు రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషి దగ్గరికి నలుగురూ వచ్చి "సార్, ఇది మీరే చూడాలి" అంటే ఒంట్లోకి ఎంత బలం వస్తుందో ఆ వయసుకి వచ్చినవాళ్లకి తెలుసు. ఆ బలంతో నేను చేసిన తెలివితక్కువ పని ఇది. సంఘం మీటింగులో ఒకసారి ఒప్పుకున్నాను గానీ, అక్కడ నోరు పెగిలింది సగానికే. మిగతా సగం కూడా మీకు చెబుతాను. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక కమిటీలో ఉండే ఉంటారు కాబట్టి అర్థం చేసుకుంటారనే ధైర్యం.

మొదటి ఏడు పని చక్కగా నడిచింది. హైదరాబాదులో ఏప్రిల్ చివర బళ్లు మూశారంటే మళ్లీ జూన్ 12 దాకా పిల్లలు ఇంట్లో ఫోన్లకి అతుక్కుపోయి ఉంటారు. వాళ్లని నీళ్లలోకి దింపుదామన్నాను. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఆరు వారాల కోర్సు చేసివచ్చిన కుర్రాడు కోచ్‌గా దొరికాడు. పొద్దున ఒక బ్యాచ్, సాయంత్రం ఒక బ్యాచ్, బ్యాచ్‌కి ఎనిమిదిమంది. ముందు నీళ్లలో మొహం పెట్టి బుడగలు ఊదించాడు. తరవాత గోడ పట్టుకుని కాళ్లు కొట్టించాడు. ఆ తరవాత వెల్లకిలా తేలడం. నీళ్లంటే ఏడుపు లంకించుకునే పిల్లలు మే నెలాఖరుకి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పోతుంటే తల్లిదండ్రుల మొహాలు చూడాలి. ఆగస్టు 15న జెండా ఎగరేశాక నన్ను పిలిచి శాలువా కప్పారు.

నిజానికి ఆ శాలువా కప్పాల్సింది కోచ్‌కి. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

రెండో ఏడు సంక్రాంతి దాటగానే అడిగేవాళ్లు మొదలయ్యారు. ఐదేళ్లలోపు పిల్లలకి వేరే బ్యాచ్ కావాలన్నారు. ఆడవాళ్లకి మగవాళ్లెవరూ ఉండని సమయం కావాలన్నారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నీళ్లలో నడుస్తామన్నారు. పక్క కాలనీల వాళ్లు ఫీజు ఎంతైనా ఇస్తాం, మా పిల్లల్నీ చేర్చుకోండన్నారు. అడిగినవన్నీ న్యాయమైన కోరికలే. ఒక్కదానికీ కాదనలేదు నేను. కాదంటే నా పేరు తగ్గుతుందేమోనని భయం. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా పూల్‌ని బ్యాచ్‌లుగా పంచేశాను. బ్యాచ్‌కి ఎనిమిదిమంది ఉన్నచోట ఇరవై ఇద్దరయ్యారు. ఇంత చేసి కోచ్‌ని మాత్రం ఒక్కడినే ఉంచాను.

దానికి నా దగ్గర ఒక లెక్క ఉండేది. మా పూల్ 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే 200 చదరపు మీటర్లు. ఇరవై ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి తొమ్మిది చదరపు మీటర్లు, దాదాపు ఒక పడగ్గదంత జాగా. లిఫ్టులో కనిపించినవాళ్లకి, వాకింగులో కలిసినవాళ్లకి, పెళ్లిపందిట్లో పక్కన కూర్చున్నవాళ్లకి, అందరికీ ఈ లెక్కే అప్పజెప్పాను. నీళ్లని కొలిచాను గానీ ఆ నీళ్లని చూసే కళ్లెన్ని అని లెక్కపెట్టలేదు.

లెక్కపెట్టమని అడిగినవాళ్లు లేకపోలేదు. మూడో బ్లాకులో ఒక హెడ్ నర్సుగారు ఉంటారు, ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా కాలమైంది. సర్వసభ్య సమావేశంలో ఆవిడ లేచి, "కోచ్ ఒక పిల్లాడి చెయ్యి పట్టుకుని నేర్పుతున్నంతసేపూ మిగతా పిల్లల వైపు ఎవరు చూస్తారండీ? లైఫ్‌గార్డ్‌ని వేరేగా పెట్టరా?" అని అడిగారు. ఎంత సూటి ప్రశ్న! నేను మైకు అందుకుని, "అమ్మా, నేను పంటకాలవలో ఈత నేర్చుకున్నవాణ్ని. ఇది మూడున్నర అడుగుల నీళ్లు. సముద్రం కాదు" అన్నాను. హాలంతా నవ్వింది. ఆ నవ్వు విని పొంగిపోయాను. ఆవిడ ఇంకేమీ అనకుండా కూర్చున్నారు. లైఫ్‌గార్డ్ జీతం మిగిల్చానని కోశాధికారి మెచ్చుకున్నారు కూడా. నలుగురి ముందు గెలిచామనుకున్న క్షణాన మనం ఏం పోగొట్టుకున్నామో అప్పుడు కనబడదు. మీకూ ఇలాంటి గెలుపులు ఒకటో రెండో ఉండే ఉంటాయి.

తరవాత నాకే ఎక్కడో పీకింది. మళ్లీ ఎవరైనా అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. హౌస్‌కీపింగ్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి పనికొచ్చిన కుర్రాడొకడున్నాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు. వాడికి పసుపుపచ్చ టీషర్టు కుట్టించి, వీపు మీద ఎర్ర అక్షరాలతో "లైఫ్‌గార్డ్" అని అచ్చు వేయించాను. మెడలో విజిల్ వేశాను. వాడు ఆ టీషర్టు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడి, "సార్, నాకు ఈత రాదండి" అన్నాడు.

"రాకపోతే ఏమైంది? నీకు తల మునిగే లోతు ఇక్కడెక్కడుందిరా? పరుగెత్తే పిల్లల్ని చూసి విజిల్ వేస్తే చాలు" అన్నాను.

ఈ మాట రాయడానికి చెయ్యి వణుకుతోంది. వాడు నిజం చెప్పాడు. నేను విని కూడా ఆ నిజాన్ని టీషర్టు కింద కప్పేశాను. ఆ అక్షరాలు చూసి గట్టు మీద తల్లులంతా నిశ్చింతగా కబుర్లు చెప్పుకున్నారు. ఆ టీషర్టే లేకపోతే ఎవరి పిల్లల్ని వాళ్లు కనిపెట్టుకుని ఉండేవారు.

మే రెండో వారానికి నీళ్లు పాడవడం మొదలైంది. మా పూల్‌లో పట్టేది దాదాపు 2.7 లక్షల లీటర్లు. పంపూ ఫిల్టరూ తక్కువమందికని పెట్టినవి. రోజంతా జనం దిగుతుంటే ఇసుక ఫిల్టర్ పూడుకుపోయి, ఎన్నిసార్లు బ్యాక్‌వాష్ చేసినా తేటపడటం లేదు. పంపు రూము ఆపరేటర్ పరీక్ష పెట్టె పట్టుకొచ్చి చిన్న గాజుగొట్టంలో నీళ్లు తీసి చుక్కలు వేసి చూపించాడు. లేత గులాబీ రంగు తిరిగీ తిరగనట్టుంది. "ఫ్రీ క్లోరిన్ ఒకటి కంటే తక్కువుంది సార్. ఒకటి నుంచి మూడు ఉండాలి. పీహెచ్ కూడా 7.8 దాటింది. ఒక పూట ఆపి మందు వేద్దామండి. అడుగున గీతలు మసగ్గా ఉన్నాయి, లోతు వైపు జాలీ కనబడటం లేదు."

"క్లోరిన్ వాసన గేటు దాకా వస్తోంది కదయ్యా! ఇంకెంత వేస్తావు?" అన్నాను.

నాకు తెలిసింది అంతే. పూల్ దగ్గర ముక్కుపుటాలదిరే ఆ వాసన శుభ్రతకి గుర్తని నమ్మేవాణ్ని. చుట్టాలొస్తే తీసుకెళ్లి ఆ వాసన చూపించి గొప్పలు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. అసలు సంగతేమిటంటే, చెమటతోనూ మూత్రంతోనూ క్లోరిన్ కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. కళ్లు ఎర్రబడేదీ ఆ ఘాటు వచ్చేదీ ప్రధానంగా వాటివల్లే. క్రిములని చంపాల్సిన క్లోరిన్ చాలావరకు అప్పటికే ఖర్చయిపోయిందని ఆ ఘాటు చెబుతోంది. పీహెచ్ పెరిగితే ఉన్న కాస్త క్లోరిన్ కూడా సరిగ్గా పనిచెయ్యదు. ఇవన్నీ ఆపరేటర్‌కి తెలుసు. కానీ బ్యాచ్ ఆపితే ఇరవై ఇద్దరి తల్లిదండ్రులూ నాకే ఫోన్ చేస్తారు. "ఆదివారం చూద్దాంలే" అని పంపించేశాను. నీళ్లు మసగ్గా ఉంటే రోగాల సంగతి అటుంచి, అడుగున మనిషి పడి ఉన్నా కనబడడన్న ఆలోచన నాకు రానే లేదు.

ఆ శనివారం సాయంత్రం సంఘం గ్రూపులో పెట్టడానికి వీడియో తీద్దామని వెళ్లాను. "మన పూల్, మన పిల్లలు" అని బ్యానర్ కట్టించాను, మూలన నా ఫొటో. బ్యానరూ పిల్లలూ ఒకే ఫ్రేములోకి రావాలని వెనక్కి నడుస్తున్నాను, ఫోను పైకెత్తి కిందికి దించి సరిచూసుకుంటున్నాను, కోచ్ అవతలి గోడ దగ్గర ఒక పిల్లాడి నడుం పట్టుకుని కాళ్లు కొట్టిస్తున్నాడు, టీషర్టు కుర్రాడు ఎవరో తువ్వాలు అడిగితే అందిస్తున్నాడు, తల్లులు మాట్లాడుకుంటున్నారు, నేను కాస్త ఎడమకి జరగండర్రా అని పిల్లల్ని కేకేస్తున్నాను, అంతలో వెనకనుంచి ఒక ఆయమ్మ, వేరే బ్యాచ్ పిల్లాణ్ని తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి, "అయ్యో, పాప మునిగిపోతోంది సారూ!" అని గుండెలవిసేలా అరిచింది. ఎక్కడ? ఎవరు? నాకేమీ కనబడలేదు. నీళ్లన్నీ పిల్లలే, అందరూ బాగానే ఉన్నట్టున్నారు. ఆయమ్మ చెయ్యి చూపించిన వైపు టీషర్టు కుర్రాడు విజిల్‌తో సహా దూకేశాడు. ఈత రాని వాడు! అటు ఐదున్నర అడుగుల లోతు, వాడు అంతకంటే పొట్టి. పాపని పైకి తోశాడు, వాడు కిందికి పోయాడు. కోచ్ అడ్డంగా ఈదుకుంటూ వచ్చి ముందు పాపని గట్టుకి అందించి, మళ్లీ మునిగి వాణ్ని చొక్కా పట్టుకుని లాగాడు.

అంతసేపూ నేను చేతిలో ఫోనుతో అలాగే నిలబడి ఉన్నాను.

పాపకి ఆరేళ్లు. దగ్గింది, నీళ్లు కక్కుకుంది, ఏడ్చింది. ఆ ఏడుపు వినబడ్డాక గానీ గట్టు మీద ఎవరికీ ప్రాణం రాలేదు. ఎవరో పిలిస్తే నర్సుగారు పరుగున వచ్చారు. పాప మాట్లాడుతోంది కదా, ఇంటికి తీసుకెళతామని తల్లి అంటే ఆవిడ ఒప్పుకోలేదు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే ఇప్పుడు బాగున్నా కొన్ని గంటల తరవాత ఆయాసం రావచ్చు, డాక్టర్ల కళ్లెదుట ఉండాలి అని అప్పటికప్పుడు పాపనీ టీషర్టు కుర్రాణ్నీ కారెక్కించారు. రాత్రంతా ఆసుపత్రిలో ఉంచి పొద్దున పంపించారు. ఇద్దరూ క్షేమం. నర్సుగారు నాతో మీటింగులో నేనన్న మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

మీటింగులో చెప్పలేకపోయిన సగం ఇది. ఆ రాత్రి ఫోను తెరిచి ఆ వీడియో చూశాను. మధ్యలో బ్యానర్ నిండుగా, అందంగా ఉంది. కింద కుడి మూలన ఒక నల్లటి తల. మొహం ఆకాశం వైపు తిరిగి ఉంది, నోరు నీళ్లకి సమానంగా ఉంది. ఒకసారి పైకొస్తుంది, నోరు తెరుస్తుంది, మళ్లీ కిందికి పోతుంది. చేతులు పైకెత్తి ఊపడం లేదు, పక్కలకి చాపి నీళ్లని కిందికి అదుముతోంది, మెట్టు మీద చేతులూని లేవబోతున్నట్టు. కాళ్లు కొట్టుకోవడం లేదు. అరుపు లేదు. నాలుగు అడుగుల దూరంలో ఇంకో పిల్లాడు బుడగలు ఊదుకుంటున్నాడు. వెనకనుంచి వినబడే గొంతు నాది ఒక్కటే, "కాస్త ఎడమకి, ఎడమకి" అంటూ. పాప మునుగుతున్నంతసేపూ నేను ఆమె వైపే ఫోను పెట్టి చూస్తున్నాను.

నీళ్లలో మునిగేవాళ్లు సినిమాల్లోలాగా చేతులూపి కేకలేస్తారనే మనందరి నమ్మకం. ఫ్రాంక్ పియా అనే అమెరికన్ లైఫ్‌గార్డ్ న్యూయార్క్ బీచ్‌లో మునుగుతున్నవాళ్లని గమనించి, సినిమా తీసి మరీ ఇది తప్పని ఎప్పుడో చూపించాడు. ఊపిరి అందనప్పుడు గొంతు లేవదు, చేతులు మన మాట వినవు. ఒళ్లు నిలువుగా ఉండిపోతుంది. పూర్తిగా మునిగిపోయేలోపు ఉండే సమయం ఇరవై సెకన్ల నుంచి అరవై సెకన్లు, పిల్లలకి ఇంకా తక్కువే. అందుకే పూల్ భద్రత తెలిసినవాళ్లు లైఫ్‌గార్డ్‌కి పది, ఇరవై అనే లెక్క నేర్పుతారు. తనకి అప్పగించిన నీళ్లన్నిటినీ పది సెకన్లలో ఒక చుట్టు చూసెయ్యాలి, ఆపద కనిపిస్తే ఇరవై సెకన్లలో అక్కడికి చేరాలి. చూపు అలిసిపోతుంది కాబట్టి అరగంటకోసారి మనిషిని మార్చాలి. ఇందులో తువ్వాళ్లందించే పని లేదు, పాఠం చెప్పే పని అసలే లేదు. ఇదంతా వెతికితే ఒక్క సాయంత్రంలో దొరికింది. వెతికింది మాత్రం పాప ఆసుపత్రికి వెళ్లొచ్చాక.

నేను గొప్పగా చెప్పుకున్న పంటకాలవ సంగతీ అప్పుడే గుర్తుచేసుకున్నాను. నాకు ఈత నేర్పింది మా చిన్నమావయ్య. నడుముకి మునగబెండ్లు కట్టి, వాటికి ఒక తాడు కట్టి, ఆ తాడు కొస తన మణికట్టుకి చుట్టుకునేవాడు. నేను నీళ్లలో ఉన్నంతసేపూ ఆయన ఇంకో పని చేసేవాడు కాదు, ఇంకో పిల్లాణ్ని దింపేవాడూ కాదు. ఒక పిల్లాడికి ఒక పెద్దమనిషి. అక్కడ నేర్చుకున్నాను కాబట్టి లైఫ్‌గార్డ్ అక్కర్లేదని మైకులో చెప్పాను. నా కోసం ఒక మనిషి మొత్తంగా కేటాయించి ఉన్నాడని నాకు యాభై ఏళ్లు తట్టలేదు.

ప్రమాదం జరిగిన మరుసటి రోజు పూల్‌కి తాళం వేశాం. రాజీనామా కాగితం పట్టుకెళ్లి ఇచ్చాను. పూల్‌ని పూడ్చి పార్కింగ్ చేద్దామని కొందరన్నారు. అప్పుడు లెక్కలు చెప్పి మరీ అడ్డుపడింది నర్సుగారే. మన దేశంలో ఏటా ముప్పై వేలమందికి పైగా నీళ్లలో మునిగి చనిపోతున్నారని నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. 2021లో ప్రపంచమంతటా ఇలా పోయినవాళ్లు దాదాపు మూడు లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, అందులో పావువంతు ఐదేళ్లలోపు పిల్లలే. బంగ్లాదేశ్‌లో పల్లె చెరువుల్లో వెదురుతో వేదికలు కట్టి పిల్లలకి ఈత నేర్పారు. అలా నేర్చుకున్న పిల్లల్లో మునిగి చనిపోవడం తొంభై శాతానికి పైగా తగ్గిందని 2012లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లకి మనకున్న పంపూ ఫిల్టరూ లేవు. "నేర్పడం తప్పు కాదు, చూసేవాళ్లు లేకుండా నేర్పడం తప్పు. మీరు రాజీనామా చేసి ఇంట్లో కూర్చుంటే ఈ పని ఎవరు సరిచేస్తారు?" అని ఆవిడ నన్నే అడిగారు. కాగితం వెనక్కి తీసుకున్నాను.

ఈ ఏడు బ్యాచ్‌కి మళ్లీ ఎనిమిదిమందే. కోచ్‌కి తోడు ఇంకో కోచ్ వచ్చాడు. లైఫ్‌గార్డ్‌లు ఇద్దరు, శిక్షణ పొందినవాళ్లు, అరగంటకోసారి మారతారు. ఎత్తు కుర్చీ వేశాం, దాని పక్కన పొడుగాటి కర్రా లైఫ్‌బాయా ఎప్పుడూ ఉంటాయి. డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోను లాకర్లో పెట్టాల్సిందే, ఈ నియమం కార్యదర్శికీ వర్తిస్తుంది. పూల్ తెరవాలా మూయాలా అన్న నిర్ణయం పంపు రూము ఆపరేటర్‌ది. లోతు వైపు జాలీ పైనుంచి స్పష్టంగా కనబడకపోతే అతను గేటుకి తాళం వేసేస్తాడు, ఎవరినీ అడగక్కర్లేదు. ఫీజు పెంచక తప్పలేదు. దానికి నన్ను తిట్టినవాళ్లున్నారు. పక్క కాలనీల పిల్లల్ని వచ్చే ఏడు దాకా ఆగమన్నాను. వాళ్లకీ కోపంగా ఉంది. కాదని చెప్పడం అలవాటు లేని మనిషికి అది ఎంత కష్టమో! ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి కూర్చుని ఎందుకు కాదంటున్నానో చెప్పి వస్తున్నాను.

ఆ పాప ఈ వేసవిలో మళ్లీ చేరింది. వాళ్ల నాన్న నాతో మాట్లాడడు. పొద్దున్నే తీసుకొచ్చి, ఎత్తు కుర్చీలో మనిషి ఉన్నాడో లేదో చూసి, అప్పుడు పాప చెయ్యి వదులుతాడు. టీషర్టు కుర్రాడు కూడా ఈత నేర్చుకుంటున్నాడు, ఫీజు సంఘం కడుతోంది. వాడి దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుని క్షమించరా అంటే, "పాప బాగానే ఉంది కదండీ" అన్నాడు.

తెగని సమస్య ఆడవాళ్ల బ్యాచ్. మగవాళ్లు లేని సమయం కావాలంటే కోచూ లైఫ్‌గార్డూ ఇద్దరూ ఆడవాళ్లే ఉండాలి. కోచ్‌గా ఒకమ్మాయి దొరికింది గానీ లైఫ్‌గార్డ్‌గా ఎంత వెతికినా ఎవరూ దొరకలేదు. పాత నేనైతే ఎవరో ఒకరికి టీషర్టు తొడిగి బ్యాచ్ మొదలుపెట్టేసేవాణ్ని. ఇప్పుడు నలభైమంది పేర్లు రాసుకుని ఆపి ఉంచాను. రోజూ ఎవరో ఒకరు నిలదీస్తూనే ఉన్నారు. చివరికి వాళ్లలోనే ఇద్దరు, కాలేజీ రోజుల్లో పోటీల్లో ఈదినవాళ్లు, మేమే నేర్చుకుంటామని ముందుకొచ్చారు. పుణె కేంద్రంగా ఉన్న రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ ఇలాంటి శిక్షణ ఇస్తుంది. వాళ్ల ఖర్చు సంఘమే భరించాలని వచ్చే ఆదివారం మీటింగులో తీర్మానం పెడుతున్నాను. బలపరుస్తానని నర్సుగారు మాటిచ్చారు. కోశాధికారి మాత్రం ఇంకా గునుస్తున్నారు.